కాలెండరిచ్చి చిరునామా తీసుకున్నారు

మా చిన్నప్పుడు గోదావరిఖనిలో, మా క్వార్టర్ ముందు గదిలో మూడు కాలెండర్లు వేలాడుతుండేవి. ఒకటి కిరాణా కొట్టాయన ఇచ్చిన లక్ష్మీదేవి, ఒకటి కంపెనీది, మూడోది సోవియట్ భూమి పత్రికది. ఆ మూడోదాని కాగితం నున్నగా, మందంగా ఉండేది. ఏడాది అయిపోగానే మా అక్క దాన్ని జాగ్రత్తగా విప్పి మా లెక్కల పుస్తకాలకి అట్టలేసేది. మా బాపు ఆ పత్రికని ఎంత చదివేవాడో నాకు గుర్తులేదు గానీ చందా మాత్రం ఏటా కట్టేవాడు. మొన్నామధ్య ఫోన్లో అడిగితే ఏమాత్రం మొహమాటపడకుండా చెప్పేశాడు. "కాలెండర్ కోసమే కట్టిన బిడ్డా. మా బాయిల సగం మంది గట్లనే కట్టిన్రు."

సగం మంది కాలెండర్ కోసం కట్టారు, సరే. మరి మిగతా సగం? నాకు ఈమధ్య నిద్ర పట్టనివ్వని ప్రశ్న అదే. ఎందుకో చెప్తాను.

నాకో స్నేహితుడున్నాడు. పేరు చెప్తే తిడతాడు కాబట్టి చెప్పను. ఉద్యోగం చేసుకుంటూనే ఒక చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నాడు. వేసేవి ఏడాదికి రెండో మూడో పుస్తకాలు. అన్నీ బొగ్గుబాయిల చుట్టూ తిరిగేవే. కార్మికుల జ్ఞాపకాలు, కథలు, పాత కరపత్రాల సంకలనాలు, అలాంటివి. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటి వాళ్ళని చదివి పెరిగిన మనిషి. పుస్తకం వేయడం పెద్ద కష్టం కాదంటాడు, అది కావలసిన మనిషి ఎక్కడున్నాడో కనుక్కోవడమే కష్టమంటాడు.

నిజమే. ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గోదావరి ఒడ్డున మా వైపు బాయిలు తెరిచింది 1960 ప్రాంతంలో. 1990ల మొదట్లో కంపెనీలో లక్షమందికి పైగా పనిచేసేవాళ్ళు. ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కల ఉన్నారు. రిటైరయితే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడ్డప్పుడు ఆ కాలనీ కాలనీయే చెదిరిపోయింది (2021లో కొత్త కంపెనీగా మళ్ళీ తెరుచుకుంది గానీ వెళ్ళినవాళ్ళు రారు కదా). 1971 నుంచి నడిచిన రామగుండం బీ థర్మల్ 2024లో ఆగిపోయింది. అంటే ఈ పుస్తకాలు ఎవరి గురించో వాళ్ళు, వాళ్ళ పిల్లలు ఇప్పుడు కరీంనగర్‌లో, మియాపూర్‌లో, బెంగుళూరులో, డల్లాస్‌లో ఉన్నారు. పాత చందాదారుల పుస్తకంలో ఉన్న క్వార్టర్ నంబర్లకి ఉత్తరం రాస్తే తిరిగొస్తుంది. మిగిలిన దారి ఈమెయిల్ ఒక్కటే. అది ఇల్లు మారినా మారదు.

అప్పుడు నాలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ నిద్రలేచాడు. "అన్నా, నువ్వు కూర్చో, నేను చూస్కుంటా" అన్నాను. ఒక స్మార్ట్‌ఫోన్ బహుమతిగా పెట్టాం. మెయిల్ ఇస్తే ఒక ఎంట్రీ, ముగ్గురు స్నేహితుల్ని తెస్తే మూడు ఎంట్రీలు. లింకు, లక్కీ డ్రా, మూడు వారాల గడువు. ప్రపంచమంతా చేస్తున్నదే. రెండు వారాల్లో వేలల్లో చిరునామాలు వచ్చిపడ్డాయి. గ్రాఫు చూస్తే గుండె నిండిపోయింది. ఆ వారమంతా నా నడకే మారిపోయింది.

తర్వాత జరిగింది మీలో చాలామంది ఊహించే ఉంటారు. కొత్త పుస్తకం రాగానే అందరికీ మెయిల్ పంపాం. తెరిచినవాళ్ళు బహు కొద్దిమంది. వచ్చిన జవాబుల్లో సగం "ఫోన్ ఎవరికొచ్చింది?" అని. తెలుగే రానివాళ్ళు బోలెడు మంది, పోటీలు వెతుక్కుని పాల్గొనేవాళ్ళట. కొంతమంది స్పామ్ బటన్ నొక్కారు. అసలు దెబ్బ అక్కడ తగిలింది. పెద్దమొత్తంలో మెయిళ్ళు పంపేవాళ్ళకి జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధనలు బిగించాయి. ఒక్క నొక్కుతో చందా మానుకునే వీలుండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండా చూసుకోవాలి. మేం ఆ గీత దాటాం. దాంతో ఏళ్ళ తరబడి ఈయన పుస్తకాలు కొంటున్న ఆ రెండొందల మంది పాత పాఠకులకి కూడా మా ఉత్తరాలు స్పామ్‌లో పడటం మొదలైంది. ఉన్న ఇల్లు కూల్చి కొత్త పునాది తవ్వినట్టయింది నా పని.

స్నేహితుడు ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ తర్వాత కొన్నాళ్ళు కూర్చుని, మనకంటే ముందు తెలుగులో ఈ పని ఎవరు చేశారు, ఎలా చేశారు అని చూడటం మొదలుపెట్టాను. ఉచితంగా ఏదో ఇచ్చి పాఠకుణ్ణి సంపాదించడం ఇంటర్నెట్‌తో పుట్టిన విద్యేం కాదు.

అందరికీ తెలిసిన పేరుతో మొదలుపెడదాం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కొత్త మందు, ఎవరికీ తెలీదు. సంగీత కచేరీల్లో జనానికి ఊరికే పంచిపెట్టారు. గంటల తరబడి కూర్చుని వినే చోట, తలనొప్పి వచ్చే అవకాశం ఉన్న చోట, ఆ మందే కొంచెం చేతిలో పెట్టడం. ఆ మందు మీద వచ్చిన డబ్బుతోనే 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రిక, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక, 1924లో భారతి వచ్చాయి. మన పత్రికా చరిత్రలో ఒక పెద్ద అధ్యాయానికి పెట్టుబడి ఒక రకంగా ఫ్రీ శాంపిలే. కానీ గమనించండి, ఆయన పంచింది అమ్మబోయే సరుకునే. వెండి గ్లాసు పంచి తలనొప్పి మందు అమ్మాలని చూడలేదు.

అంతకన్నా మా స్నేహితుడి పనికి దగ్గరగా ఉన్నది విజ్ఞాన చంద్రికా మండలి. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు లాంటివాళ్ళు కలిసి పెట్టారు. 1907లో గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో మొదలుపెట్టి చరిత్ర, విజ్ఞానశాస్త్రం లాంటి పుస్తకాలు వేశారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే అచ్చంగా నిష్ పబ్లిషర్. ముందుగా చందాదారుగా చేరితే పుస్తకం తక్కువకి వచ్చేది. ఎవరికి? పుస్తకం కావాలనుకున్నవాడికే. లింకన్ జీవితం అక్కర్లేనివాడికి లింకన్ జీవితం చవగ్గా వస్తే ఏం లాభం? ఆ రాయితీయే ఒక వడపోత.

మన తెలంగాణ నుంచి ఇంకో ఉదాహరణ. సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులు లేరని ఒకాయన తేలిగ్గా అనేస్తే, ఉన్నారని చూపించడానికి ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. 354 మంది కవులు. ఇందులో బహుమతీ లేదు, లక్కీ డ్రా లేదు. ఇచ్చింది ఒక్కటే, అచ్చులో పేరు. కానీ ఆ పేరు కోసం మనిషి కూర్చుని పద్యం రాయాలి, పోస్టులో పంపాలి. అంత కష్టపడ్డవాడు ఆ పత్రికని మర్చిపోతాడా చెప్పండి.

ఇక చందమామ. 1947 జులైలో మొదలైంది. అందులో ఫోటో వ్యాఖ్యల పోటీ మనలో ఎవరూ మర్చిపోరు. రెండు ఫోటోలు, రెండింటికీ పొంతన కుదిరేలా రెండు చిన్న వ్యాఖ్యలు. ఒక కార్డు ముక్క మీద రాసి పంపాలి. బహుమతి చిన్నదే. గెలిచినవాళ్ళ పేరు ఊరితో సహా అచ్చయ్యేది. ఆ కార్డులో ఏమేం ఉన్నాయో ఇంజనీరు కళ్ళతో చూడండి. పేరు, చిరునామా, చేతిరాత, దాంతో పాటు ఈ మనిషికి తెలుగొచ్చు, పత్రిక తెరిచి చూశాడు, అర్థగంట ఆలోచించాడు అనే రుజువు. మా ఫోన్ పోటీలో నేను అడిగింది మెయిల్ ఐడీ ఒక్కటి. ఆ పెట్టెలో ఏది కొట్టినా లోపలికి రానిచ్చాను.

అయితే పత్రికల పోటీలన్నీ చందమామలా సాగలేదు. 1940లు, 50ల్లో మన దేశంలో ప్రవేశ రుసుముతో నడిచే పదబంధ ప్రహేళికల పిచ్చి పెద్ద ఎత్తున ఉండేది. వేల రూపాయల బహుమతులు, కూపన్లు, ఆధారాలు ఎటైనా తిప్పుకోవచ్చు కాబట్టి గెలుపు దాదాపు అదృష్టమే. కూపన్ కోసమే పత్రిక కొనేవాళ్ళు. చివరికి పార్లమెంటు 1955లో ప్రైజ్ కాంపిటీషన్స్ చట్టం చేయాల్సి వచ్చింది. అలా చట్టం చేయమని తీర్మానాలు చేసిన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్ర, హైదరాబాదు రెండూ ఉన్నాయి. నెలకి మొత్తం బహుమతి వెయ్యి రూపాయలు దాటకూడదు, ఎంట్రీలు రెండు వేలు మించకూడదు, లైసెన్సు తీసుకోవాలి. ఈ వ్యాపారం చేసే ఒకాయన సుప్రీంకోర్టుకి వెళ్తే, 1957లో కోర్టు చట్టం చెల్లుతుందంది. అదృష్టం మీద నడిచే పోటీలకే ఇది వర్తిస్తుంది, నైపుణ్యంతో గెలిచేవాటికి కాదు అని కూడా తేల్చింది. ఈ తేడా చూస్తే నాకు భలే అనిపించింది. జూదానికీ పోటీకీ మధ్య కోర్టు గీసిన గీతా, పనికిరాని మెయిల్ లిస్టుకీ పనికొచ్చేదానికీ మధ్య గీతా దాదాపు ఒక్కచోటే పడ్డాయి.

బయట ప్రపంచంలో దీనికి పెద్ద ఉదాహరణ రీడర్స్ డైజెస్ట్. మన ఇళ్ళకీ వచ్చేవి ఆ కవర్లు, "మీరు ఇప్పటికే రెండు దశలు దాటారు" అంటూ మన పేరు పెద్దక్షరాలతో అచ్చేసి. మా బాపు ఒకదాన్ని నెలరోజులు బీరువాలో దాచాడు. అమెరికాలో 1960ల నుంచి ఆ లక్కీ డ్రా ఉత్తరాలతోనే చందాలు పెంచుకున్నారు. 1999లో అక్కడ మోసపు ఉత్తరాల మీద చట్టమొచ్చింది, 2001లో ముప్ఫైకి పైగా రాష్ట్రాలతో కంపెనీ రాజీ పడాల్సి వచ్చింది. 2009లో దివాలా రక్షణ కోరింది. దానికి అప్పులు, ఇంటర్నెట్ లాంటి కారణాలు చాలా ఉన్నాయి, లక్కీ డ్రా ఒక్కటే అనను. కానీ బహుమతి ఆశతో చేరినవాణ్ణి ఉంచుకోవాలంటే మళ్ళీ మళ్ళీ బహుమతి ఆశ చూపించాల్సిందే. అది అలవాటుగా మారుతుంది, వాడికీ మనకీ కూడా.

ఇంతకీ సోవియట్ భూమి సంగతి. అది ఢిల్లీలోని సోవియట్ రాయబార కార్యాలయం చాలా భారతీయ భాషల్లో వేసిన పత్రిక. ఖర్చుకి లెక్కలేదు కాబట్టి కాలెండర్ ఇవ్వడం వాళ్ళకొక లెక్క కాదు. మా లైన్లో యూనియన్ కాక ఒకాయన ఉండేవాడు. చందాలు ఆయనే వసూలు చేసేవాడు. చేతిలో ఒక పొడుగు నోటు బుక్కు, చెవిలో పెన్సిలు. ఫస్ట్ షిఫ్ట్ వాళ్ళు బయటికొచ్చే వేళకి బాయి గేటు దగ్గర నిలబడేవాడు. నాకు గుర్తున్నది అంతే. మిగతాది ఈసారి బాపు చెప్పాడు.

"ఆ బుక్కుల కొందరి పేర్ల పక్కన చుక్క పెట్టేటోడు. పుస్తకం లేటయితది గదా ఒక్కోసారి. ఇంకా రాలేదేంది కాకా అని ఎవరన్న అడిగితే, వాని పేరు పక్కన ఒక చుక్క."

నేను ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. మేం లక్షలు పోసి కొనే టూల్స్‌లో ఎంగేజ్‌మెంట్ అని ఒక కాలమ్ ఉంటుంది. కాక దాన్ని పెన్సిల్‌తో చేశాడు. కాలెండర్ అందరికీ ఇచ్చాడు. కానీ ఎవరు చదువుతున్నారో కాలెండర్‌ని బట్టి లెక్కేసుకోలేదు, ఆలస్యమైనప్పుడు ఎవరు అడిగారో దాన్ని బట్టి లెక్కేసుకున్నాడు. కొత్త పుస్తకాలు వచ్చినప్పుడు చుక్కలున్న ఇళ్ళకే సంచీ పట్టుకుని వెళ్ళేవాడట. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, దాంతో పత్రికా పోయింది, కాలెండరూ పోయింది. కాక మాత్రం ఆ చుక్కల ఇళ్ళకి పుస్తకాలు తీసుకెళ్తూనే ఉన్నాడట. ప్రచురించే దేశమే మాయమైనా లిస్టు బతికింది!

మా ఊళ్ళో పుట్టినవాణ్ణి అయ్యుండీ ఇది నాకు ముందే తట్టకపోవడం సిగ్గుచేటు. బాయిలోంచి వచ్చే బొగ్గుతో పాటు రాయి కూడా పైకొస్తుంది. రాయి కూడా తూకానికి వస్తుంది, టన్నుల లెక్కలో అది కూడా ఉత్పత్తే. కానీ పవర్ హౌస్ వాడు డబ్బులిచ్చేది గ్రేడు చూసి. రాయి ఎక్కువైతే బాయిలర్‌లో బూడిదే మిగుల్తుంది. నేను నా లిస్టుని టన్నుల్లో కొలిచాను.

సరే, రెండో ప్రయత్నం. ముందు ఆ ఫోన్ లిస్టు మొత్తం తీసేశాం. (చెయ్యి వణికింది, అబద్ధం చెప్పను.) ఎలాగూ 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా అనుమతి స్పష్టంగా, ఫలానా పని కోసమని చెప్పి తీసుకోవాలంటోంది. ఫోన్ ఆశతో చేరినవాడు పుస్తకాల ఉత్తరాలకి ఒప్పుకున్నాడని చెప్పుకోవడం నాకైతే సబబనిపించలేదు. మిగిలిన పాత పాఠకులకి స్నేహితుడే స్వయంగా రాసుకొచ్చాడు, ఒక్కొక్కరికి, పేరు పెట్టి. స్పామ్‌లోంచి బయటికి తీయమని అడిగాడు. చాలామంది తీశారు.

తర్వాత కొత్త పోటీ పెట్టాం. బహుమతి ఆయన వేసిన బొగ్గుబాయి పుస్తకాల కట్ట. ఎంట్రీకి ఒకే ప్రశ్న. "మీ ఇంట్లో ఎవరు, ఏ బాయిలో పనిచేశారు? బాయిలో వాడే ఒక మాట రాసి, దాని అర్థం చెప్పండి." లక్కీ డ్రా లేదు. బాగా రాసిన ఐదుగురికి పుస్తకాలు. పంపిన ప్రతివాళ్ళకీ, గెలిచినా గెలవకపోయినా, అందరి మాటలూ కూర్చిన ఒక చిన్న పీడీఎఫ్. మెయిల్ ఇచ్చాక నిర్ధారణ లింకు నొక్కితేనే లిస్టులోకి. స్నేహితుల్ని తెస్తే అదనపు ఎంట్రీలంటూ ఏమీ లేవు.

మూడొందలు కూడా దాటలేదు. నా గ్రాఫు పిచ్చికి అది చాలా చిన్న కొండ. కానీ వచ్చినవి చదువుతుంటే పని ఆగిపోయింది. తట్టా చెమ్మస్ అని ఒకరు రాశారు, వాళ్ళ నాన్న కోల్ ఫిల్లర్‌గా చేసిన రోజులతో సహా. మస్టర్ అని ఒకరు. నాగా అని ఒకామె రాసింది, వాళ్ళ నాన్న నాగా పెట్టిన రోజునే పైకప్పు కూలిందని, ఆ మాట వింటే ఇప్పటికీ వాళ్ళమ్మ దండం పెడుతుందని. మెల్‌బోర్న్ నుంచి ఒకతను ఒక్క మాట అడిగితే పదిహేడు రాశాడు. ఇంతమంది ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు? మేం ఫోన్ లింకు తిప్పిన రోజుల్లో కూడా ఇక్కడే ఉన్నారు. వాళ్ళని అడగలేదంతే.

తర్వాతి పుస్తకానికి ముందస్తు ఆర్డర్లు వీళ్ళ నుంచే ఎక్కువ వచ్చాయి. స్నేహితుడు కోటీశ్వరుడేమీ కాలేదు. అచ్చు ఖర్చులు వెనక్కొచ్చాయి, ఇంకో పుస్తకం వేసే ధైర్యం వచ్చింది. చిన్న ప్రచురణకర్తకి అంతకన్నా ఏం కావాలి?

అన్నీ సర్దుకున్నాయనుకుని, ఇదంతా పెద్ద సిద్ధాంతంలా బాపుకి చెప్పాను. బహుమతి జల్లెడలా ఉండాలి, కాలెండర్ కోసం కట్టినవాడు పాఠకుడు కాడు, వగైరా వగైరా. అంతా విని, "మరి మన పేరు పక్కన చుక్క ఉండె గదా" అన్నాడు.

"నువ్వు చదవలేదంటివి గదా బాపూ?"

"నేను చదవలే. మీ అక్క చదివేది. లేటయితే చాలు, గేటు కాడ కాకని అడుగు బాపూ, అడుగు బాపూ అని నా పానం తీసేది. నేనడిగేటోణ్ణి, ఆయన చుక్క పెట్టేటోడు."

అక్క ఇప్పుడు టీచరు. ఇంట్లో పుస్తకాల బీరువాలు రెండున్నాయి. అంటే కాలెండర్‌కి ఆశపడి బాపు చందా కట్టకపోతే ఆ పత్రిక మా ఇంటికి వచ్చేదే కాదు, కాక బుక్కులో ఆ చుక్కా పడేది కాదు. నా సిద్ధాంతంలో ఈ కేసు ఎక్కడ పెట్టాలో నాకింకా తెలీడం లేదు. ఒక్కటి మాత్రం చేశాం. పోయిన నెల నుంచి మా ఉత్తరాల కింద ఒక వాక్యం చేర్చాం, "మీ ఇంట్లో ఇది ఇంకెవరైనా చదువుతున్నారా?" అని. జవాబులు రావడం మొదలైంది.